కొప్పులు చెప్పు చరిత్ర

తెలుగువారికి కేశములు వట్టి వెండ్రుకలు కావు. తిక్కన సోమయాజి ఉద్యోగపర్వమున ద్రౌపది తన కురులను చేతబట్టి శ్రీకృష్ణునికి చూపిన ఘట్టము చదివినవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. కొప్పు, సిగ, జడ, ముడి, కీలుగంటు, వేణి, ధమ్మిల్లము అని మన భాషలో తలకట్టునకు ఎన్ని పేర్లో! అమరావతి స్తూపపు రాళ్లపై సుమారు 1800 ఏండ్ల క్రిందట చెక్కిన స్త్రీమూర్తుల సిగలు నేటికిని చూడవచ్చును. అయినను రాతిపై నున్నది శిల్పి యూహ. ఫలానా దినమున ఫలానా స్త్రీ తల దువ్వుకొని కూర్చున్న తీరు ఉన్నదున్నట్లు నిలిచినది ఛాయాచిత్రము వచ్చిన పిదపనే.

విక్టోరియా రాణి 1837లో సింహాసన మెక్కెను. రెండేండ్లకు, 1839లో, పారిస్ నగరమున డాగేర్ అను నతని ఛాయాచిత్ర విధానము లోకమునకు వెల్లడియయ్యెను. 1851లో ఆర్చర్ అను ఆంగ్లేయుడు గాజుపలకపై చిత్రము తీయు తడిపలక పద్ధతిని ప్రకటించెను. 1856 నాటికి చెన్నపట్టణమున ఛాయాచిత్రకారుల సంఘమొకటి వెలసెను. ఆ కాలపు చిత్రములలో ఎవరును నవ్వకుండుటకు కారణము కలదు. చిత్రము పడుటకు కొన్ని క్షణములపాటు కదలక కూర్చుండవలెను. తల కదలకుండుటకై వెనుకనుండి ఇనుప ఊతకోల నొకదానిని ఆనించెడివారు. నవ్వు అంతసేపు నిలువదు. నున్నగా దువ్విన తల నిలుచును. కనుకనే ఆనాటి చిత్రములలో ముఖముకంటె కొప్పే ఎక్కువ సంగతులు చెప్పును.

ఇంగ్లండు స్త్రీల పాత చిత్రము చేతికి వచ్చినచో, వెనుక తేదీ లేకున్నను, తలకట్టును చూచి కాలమును ఇంచుమించుగా నిర్ణయింపవచ్చును. నడిపాపట తీసి, చెవులను కప్పునట్లు రెండు ప్రక్కల నున్నగా దువ్వి, వెనుక ముడివైచినది 1840, 50ల నాటిది. మెడపైకి జాఱిన ముడిని వలసంచిలో నుంచినది 1860ల నాటిది. సవరములు చేర్చి తలపై ఎత్తుగా పేర్చిన జడలు 1870ల నాటివి. నొసటిపై ఉంగరాల ముంగురులు 1880ల నాటివి. తలచుట్టును ఉబ్బుగా నెత్తి, నడినెత్తిన ముడివైచినది 1890ల నాటిది. దుస్తుల మార్పులును ఇట్టివే. 1856 ప్రాంతమున ఉక్కుచట్రముతో గంపవలె విచ్చుకొన్న పావడ వచ్చెను. 1870 ప్రాంతమున ఆ వెడల్పంతయు వెనుకకు పోయి, నడుము క్రింద ఒక దిండువలె మిగిలెను. దీనికి 'బసిల్' అని పేరు. నడుమ కొంతకాలము తగ్గి, 1880లలో అది మరల వచ్చెను. నాటి పత్రికలు దానిని నాగరికతకు గుర్తుగా పొగడెను, ఎగతాళియు చేసెను.

ఇక మన తూర్పు కనుమల వైపు చూతము. అరకులోయలోను, చుట్టుపట్ల కొండలలోను గదబలు నివసించుచున్నారు. లండను దొరసానులు దిండు కట్టుకొన్న ఆ రోజులలోనే గదబ స్త్రీలును నల్లని త్రాళ్ల పేటలను పేని నడుము వెనుక దిండువలె కట్టుకొనెడివారు. చెట్టునార వడికి, ఎఱుపు, నీలము, తెలుపు చారలతో తామే నేసికొన్న 'కెరంగు' బట్టను ధరించెడివారు. చెవులనుండి ఇత్తడితీగ చుట్టలు భుజములను తాకునట్లు వ్రేలెడివి. నొసటిపై గవ్వలతోను గింజలతోను కూర్చిన పట్టెలు మెఱసెడివి. దొరతనపు ఉద్యోగులు ఆ త్రాళ్లదిండును చూచి తమ దేశపు పేరుతోనే వర్ణించిరి. వస్తువు ఒక్కటే. పట్టణమున నున్నది ఫ్యాషన్ అనిపించుకొనెను. కొండపై నున్నది వింత ఆచార మనిపించుకొనెను.

గదబల దిండుకు ఒక కథయు కలదు. దానిని 1907లో ఫ్రాన్సిస్ అను దొర విశాఖపట్టణము జిల్లా గెజిటీరులో వ్రాసియుంచెను. ఒక దేవత మాఱువేషమున గదబల యూరికి వచ్చి, విశ్రమించుటకు మంచ మడిగెనట. ఇంటి యామె, బిచ్చగత్తెకు నేలయే తగిన చోటని కసరెనట. అందుపై దేవత, అతిథి మర్యాద మఱవకుండుటకు గుర్తుగా నాటినుండి వారి స్త్రీలందఱు ఆ దిండు కట్టవలెనని శాసించెనట. కొండస్త్రీ నడుమునకు కట్టినది ఒక నీతి. చిత్రమున నీతి కనబడదు, త్రాళ్లు మాత్రమే కనబడును.

బోండాల సంగతి ఇంకను ఆలోచింపదగినది. వారి నివాసము జయపురపు కొండలు. ఆనాడు విశాఖపట్టణపు ఏజెన్సీలో చేరియున్న ఆ ప్రాంతము 1936లో ఒరిస్సాలో కలిసెను. బోండా స్త్రీలు తల గొఱిగించుకొని, నెత్తిపై పూసలదండలు చుట్టుకొందురు. మెడనిండ లోహపు కడియములు పెట్టుకొందురు. వనవాసమున సీత స్నానమాడుచుండగా అచటి స్త్రీలు నవ్విరనియు, ఆమె శపించెననియు, పిదప జాలిగొని తన చీరనుండి ఒక పేలిక చించి యిచ్చెననియు కథ. వారికి ఆ తల అలంకారము. అదే కాలమున మైదానపు పల్లెలలో, కొన్ని కులములయందు, భర్త పోయిన స్త్రీకి బలవంతముగా తల గొఱిగించెడివారు. కందుకూరి వీరేశలింగముగారు 1881లో రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిన కాలమది. 1861లో భర్తను కోల్పోయిన విక్టోరియా రాణియు చనిపోవువఱకు నల్లని దుస్తులనే ధరించెను. ఆ వేషముననే ఆమె చిత్రములు దేశదేశములకు పోయెను. గొఱిగిన తల ఒకచోట శోకము, ఒకచోట శోభ. ఎవరి తలకు ఏ యర్థమో వారి నోట వినినగాని తెలియదు.

వినినవారు కొందఱే. 1868 మొదలు 1875 వఱకు 'భారత ప్రజలు' అను నర్థము గల పేరుతో ఎనిమిది సంపుటముల ఛాయాచిత్ర గ్రంథము లండనులో వెలువడెను. వాట్సన్, కే అను దొరలు దానికి సంపాదకులు. అందు చాలవఱకు చిత్రము క్రింద జాతిపేరే గాని మనిషిపేరు లేదు. 1885 నుండి 1908 వఱకు చెన్నపట్టణపు మ్యూజియమునకు అధికారిగా నున్న ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారిగారి సహాయముతో, దక్షిణదేశపు కులములను, కొండజాతులను గూర్చి ఏడు సంపుటములు 1909లో ప్రకటించెను. నేటికిని ఎంతో ఉపకరించు గ్రంథమది. అందును గదబల చిత్రము క్రింద 'గదబ' అనియే యున్నది. ఆయన మనుష్యుల తలలు కొలుచుచు తిరుగుటచే జనము భయపడిరి. తమలో చక్కనివారిని పట్టి, గడ్డి కూరి మ్యూజియములో పెట్టునని వయనాటి పణియ స్త్రీలు పాఱిపోయిరని థర్‌స్టనే వ్రాసికొనెను. చదివినవారు నవ్వవచ్చును, అడవిమృగములను అట్లు కూరి నిలిపినది ఎఱిగినవారికి ఆ భయము తెలివితక్కువగా తోపదు.

పేరు నడిగి, ఇష్టము నడిగి తీసిన చిత్రములు ఆ కాలమున లేకపోలేదు. నిజాము ఆస్థానపు ఛాయాచిత్రకారుడైన లాలా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదున పరదా స్త్రీల కొఱకు ప్రత్యేకమైన స్టూడియో తెఱచి, ఒక దొరసానిని దానికి పెట్టెను. ఆ లోగిలిలోనికి మగవారు రారు. స్త్రీలు తమకు నచ్చిన నగలు, తమకు నచ్చిన జడ, తమకు నచ్చిన కూర్పు నేర్పఱచుకొని కూర్చుండిరి. కెమెరాలో భేదము లేదు. భేదమంతయు మర్యాదలో నున్నది. ఆ మర్యాద కలిమిగల యిండ్లకు దక్కెను, కొండగుడిసెలకు దక్కలేదు.

నేడు కెరంగు నేయు చేతులు అరుదు. మిల్లుచీరలు కొండ లెక్కినవి. అయినను థింసా ఆటకు అరకు స్త్రీలు వరుసగా నిలుచునప్పుడు, నూనె రాచి ప్రక్కగా వైచిన ముడియు, అందు తుఱిమిన పూలును కన్నుల పండువు చేయును. చూడవచ్చినవారు చిత్రములు తీసికొని పోవుదురు, పేరడుగువారు ఎందఱు?

పల్లెలోని ప్రతి యింటను గోడపైననో పెట్టెయడుగుననో అవ్వలనాటి పటమొకటి యుండును. ఆ కొప్పు ఎవరిదో చెప్పగల వృద్ధులు ఉన్నంతకాలమే అది అవ్వ. వారు పోయిన పిదప ఎవరో ఒక స్త్రీ. గ్రంథాలయపు పుస్తకమునకు పేరు, సంవత్సరము, వరుస సంఖ్య వ్రాయక బీరువాలో పెట్టము గదా. పటము వెనుకను పెన్సిలుతో ఆమె పేరు, ఊరు, ఏడు వ్రాసి పెట్టుటకు పట్టునది ఒక్క నిమిషము. గదబ తల్లికి నాడు జరుగని ఆ గౌరవము మన తల్లులకైనను జరుగుగాక. కొండపై చిత్రము తీసినవారు ఆమె మనుమరాలి పేరైనను అడిగి వ్రాసికొందురుగాక.