బిడ్డను ఇచ్చే అధికారం: దత్తతలో కన్నతండ్రి

దత్తతను గురించి మన న్యాయస్థానాల్లోనూ, పండితుల్లోనూ జరిగిన చర్చ చాలావరకు తీసుకునేవారి పక్షాన జరిగింది. వంశం నిలవాలి, పిండోదకాలు సాగాలి, ఆస్తి పరులపాలు కారాదు - ఈ మూడు కోరికల చుట్టూనే అది తిరిగింది. ఇచ్చేవాని సంగతి అంతగా ఎవరూ పట్టించుకోలేదు. దత్తత చెల్లుతుందా, చెల్లదా అన్న వివాదం వచ్చినప్పుడు మాత్రం, ఇచ్చినవానికి ఇచ్చే అర్హత ఉన్నదా అని విచారించి ఊరుకున్నారు. కన్నతండ్రికి బిడ్డను ఇచ్చివేసే అధికారం ఎక్కడనుంచి వచ్చింది? అది ఎవరి ప్రయోజనాలకు తోడ్పడింది? ఆ అధికారంతోపాటు అతనిపై ఏ బాధ్యతనైనా మోపారా? ఈ ప్రశ్నలకు చరిత్ర ఇచ్చే సమాధానం మనకు అంత గౌరవకరంగా లేదు.

ఐతరేయ బ్రాహ్మణంలోని శునశ్శేపుని కథతో ఈ చరిత్రను ప్రారంభించవచ్చు. హరిశ్చంద్రుడు తనకు పుట్టబోయే కొడుకును వరుణునికి బలి ఇస్తానని మొక్కుకున్నాడు. ఆ కొడుకు రోహితుడు పెరిగి పెద్దవాడై, సంగతి తెలిసి అడవికి పారిపోయాడు. అక్కడ ఆకలితో అలమటిస్తున్న అజీగర్తుడనే ఋషి కనిపించాడు. అతనికి ముగ్గురు కొడుకులు. తనకు బదులుగా ఒకణ్ణి ఇస్తే నూరు ఆవులిస్తానన్నాడు రోహితుడు. పెద్దవాణ్ణి ఇవ్వనన్నాడు తండ్రి; చిన్నవాణ్ణి ఇవ్వనన్నది తల్లి. నడిమివాడైన శునశ్శేపుడు అమ్ముడుపోయాడు. యజ్ఞశాలలో ఆ పిల్లవాణ్ణి స్తంభానికి కట్టడానికి ఎవరూ ముందుకు రాకపోతే, మరో నూరు ఆవులు పుచ్చుకుని తండ్రే కట్టాడు. చంపడానికి ఎవరూ రాకపోతే, ఇంకో నూరు ఆవులకు తండ్రే కత్తి నూరుకుంటూ వచ్చాడు. దేవతలను స్తుతించి బాలుడు బంధవిముక్తుడైన పిమ్మట, తండ్రి వచ్చి కొడుకును తిరిగి ఇమ్మన్నాడు. కొడుకు వెళ్ళలేదు. విశ్వామిత్రుని ఒడిలో కూర్చుని, దేవరాతుడనే పేరుతో అతని కొడుకయ్యాడు.

మొదటి నూరు ఆవులను ఆకలి అడిగిందని సరిపెట్టుకోవచ్చు. తరువాతి రెండు నూర్లను అడిగింది ఆకలి కాదు. బిడ్డ తన సొత్తు అన్న నమ్మకం. అయితే కథ చెప్పినవారు ఆ నమ్మకాన్ని మెచ్చుకోలేదన్న సంగతి గమనించాలి. తనను అమ్ముకున్న తండ్రిని బిడ్డ నిరాకరిస్తే, వారి సానుభూతి బిడ్డ పక్షాననే ఉన్నది.

తరువాత వచ్చిన ధర్మశాస్త్రకారులకు ఈ విషయంలో స్థిరమైన అభిప్రాయం లేదు. తల్లిదండ్రుల శుక్రశోణితాల వలన పుట్టినవాడు గనుక బిడ్డను ఇవ్వడానికి, అమ్మడానికి, విడిచిపెట్టడానికి వారికి అధికారం ఉన్నదన్నాడు వసిష్ఠుడు. ఇద్దరికీ అధికారమని చెప్పిన ఆ నోటితోనే, భర్త అనుమతి లేనిదే స్త్రీ బిడ్డను ఇవ్వనూ రాదు, పుచ్చుకోనూ రాదని కట్టడి చేశాడు. ఏకైక పుత్రుణ్ణి ఇవ్వరాదని కూడా చెప్పాడు. మనువు ఆపత్కాలాన్ని, ప్రీతిని షరతులుగా పెట్టాడు. యాజ్ఞవల్క్యుడు దానప్రకరణంలో, తన సొత్తులో భార్యను, కొడుకును తప్ప తక్కినవి కుటుంబానికి ఇబ్బంది కలగకుండా దానం చేయవచ్చునన్నాడు. అంటే కొడుకు దానవస్తువు కాడని ఒకరు, దానమివ్వవచ్చునని మరొకరు. ఈ వైరుధ్యాన్ని పరిష్కరించడానికి వ్యాఖ్యాతలు శ్రమపడ్డారు. ఆచరణలో గెలిచింది మాత్రం ఇచ్చే తండ్రి. కుటుంబంలో భూమి, పశువులు, శ్రమ అన్నీ పురుషుని అదుపులో ఉన్న సమాజంలో ఇంకొక విధంగా జరగడానికి అవకాశం లేదు.

ఇంగ్లీషు న్యాయమూర్తులు ఈ శాస్త్రాన్ని న్యాయస్థానాల్లో అమలుపరిచినప్పుడు ఆ అధికారం మరింత బిగుసుకున్నది. తండ్రి ఒక్కడే, భార్య ఇష్టపడినా పడకపోయినా, కొడుకును దత్తత ఇవ్వవచ్చును. భర్త బ్రతికి ఉండగా అతని అంగీకారం లేకుండా భార్య ఇవ్వరాదు. తాతకు గాని అన్నకు గాని ఆ హక్కు లేదు. దీని పర్యవసానం విచిత్రమైనది. ప్రత్యేకమైన ఆచారం ఉన్నచోట తప్ప, తల్లిదండ్రులు లేని అనాథను దత్తత తీసుకోవడానికే వీలులేదు. ఇచ్చేవారు లేరు గనుక. అందరికంటే ఎక్కువగా తల్లిదండ్రులు కావలసిన బిడ్డకు శాస్త్రం తలుపు మూసింది. దత్తత బిడ్డకోసం ఏర్పడినది కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

ఉన్న ఒక్క రక్షణ కూడా ఎట్లా పోయిందో చెప్పే వ్యాజ్యం మన మద్రాసు రాజధానినుంచే వెళ్ళింది. బలుసు గురులింగస్వామి, బలుసు రామలక్ష్మమ్మల మధ్య నడిచిన ఆ వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిల్ 1899లో తీర్పు చెప్పింది. ఒక్కగానొక్క కొడుకును ఇవ్వరాదన్న వసిష్ఠవాక్యం మతపరమైన హితవే గాని, జరిగిన దత్తతను రద్దుచేసే శాసనం కాదని తేల్చింది. ఇవ్వవచ్చునన్న మాట శాసనమైంది. ఇవ్వరాదన్న మాట హితవుగా మిగిలింది. అధికారాన్ని ఉంచి హద్దును తీసివేయడం ఆ కాలపు న్యాయానికి స్వభావమై ఉన్నది.

స్వాతంత్ర్యానంతరం 1956లో వచ్చిన హిందూ దత్తత, మనోవర్తి చట్టం నిస్సందేహంగా ముందడుగు. ఆడపిల్లను కూడా దత్తత తీసుకోవచ్చునన్నది. దత్తహోమం తప్పనిసరి కాదన్నది. బిడ్డను ఇచ్చినందుకు డబ్బు పుచ్చుకోవడం నేరమన్నది. అనాథల విషయంలో సంరక్షకునికి, న్యాయస్థానం అనుమతితో, ఇచ్చే హక్కు కల్పించింది. 1962 సవరణ దానిని తల్లిదండ్రులు విడిచిపెట్టిన బిడ్డలకు, తల్లిదండ్రులెవరో తెలియని బిడ్డలకు కూడా విస్తరింపజేసింది. కాని ఇచ్చే హక్కును మాత్రం తండ్రి చేతిలోనే ఉంచింది. తల్లికి దక్కినది సమ్మతి చెప్పే హక్కు, అంటే కాదనగలిగే హక్కు. తండ్రి మరణిస్తేనో, సన్యసిస్తేనో, మతం మారితేనో, మతి చలించినవాడని న్యాయస్థానం ప్రకటిస్తేనో తప్ప ఆమె స్వయంగా ఇవ్వడానికి వీలులేదు.

ఆ జాబితాలో లేనివాణ్ణి చూడండి. ఆలుబిడ్డలను వదిలేసి వెళ్ళిపోయి, ఏళ్ళ తరబడి పట్టెడన్నం పెట్టని తండ్రి అందులో లేడు. కాషాయం కట్టి ఇల్లు విడిచినవాని హక్కు పోయింది. బాధ్యత ఎగవేసి ఇల్లు విడిచినవాని హక్కు పోలేదు. బిడ్డను ఒంటరిగా పెంచుకొస్తున్న తల్లి, ఆ బిడ్డ మేలుకోరి ఒక మంచి ఇంటికి ఇవ్వదలచినా, పారిపోయిన భర్తను వెతుక్కోవలసిందే. ఈ స్థితి 54 ఏళ్ళు సాగింది. 2010 సవరణతో తల్లికీ తండ్రికీ సమానమైన హక్కు, ఒకరికొకరి సమ్మతి అన్న నియమం వచ్చింది. సమ్మతి అవసరం లేని సందర్భాలు మాత్రం పాతవే. విడిచిపెట్టిపోయినవాడు ఇప్పటికీ అందులో చేరలేదు.

వివాహం లేకుండా కన్న తండ్రి సంగతి దీనికి తలకిందులు. 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టం అటువంటి బిడ్డకు తల్లినే ముందు సంరక్షకురాలిగా గుర్తించింది. బిడ్డను శిశుసంక్షేమ సమితికి అప్పగించేటప్పుడు, దంపతుల బిడ్డయితే ఇద్దరూ సంతకం చేయాలి; పెండ్లికాని తల్లి అయితే ఆమె సంతకం చాలు. 2015లో సుప్రీంకోర్టు, బిడ్డను పట్టించుకోని తండ్రికి నోటీసు ఇవ్వకుండానే పెండ్లికాని తల్లిని సంరక్షకురాలిగా నియమించవచ్చునన్నది. తండ్రి తరువాత శ్రద్ధ చూపితే ఆ ఉత్తర్వును మార్చే అవకాశం ఉన్నదని కూడా చెప్పింది. నింద అంతా తల్లి నెత్తిన వేసే సమాజంలో ఇది న్యాయమైన తీర్పు.

కాని సంరక్షకత్వం వేరు, దత్తత వేరు. మొదటిది మార్చవచ్చును, సక్రమంగా జరిగిన దత్తతను రద్దుచేయడానికి లేదు. పెండ్లికాకపోయినా బిడ్డను తన బిడ్డ అని ఒప్పుకుని, ఖర్చు భరించి, పెంచడానికి ముందుకు వచ్చిన తండ్రి ఉంటే, అతని మాట దత్తతకు ముందే వినాలి. ముఖం చాటేసినవాణ్ణి అడగనక్కరలేదు. ఇద్దరినీ వేరుచేయవలసింది తాళి కాదు, బాధ్యత.

సమాన హక్కు వచ్చినంత మాత్రాన సమస్య తీరలేదనడానికి తెలంగాణా తండాలే సాక్ష్యం. 1999లోనూ, 2001లోనూ హైదరాబాదులో దత్తత పేరిట సాగిన శిశువుల వ్యాపారం బయటపడింది. ఆ శిశువులలో పెక్కుమంది లంబాడీ తండాల ఆడపిల్లలు. పేదరికం, అధిక సంతానం, ఆడపిల్ల అన్న కారణాలతో బిడ్డలను వదులుకోవడాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001లో నిషేధించింది. కాగితాన్ని నిషేధించడం సులభం. ఆ కాగితంపై వేలిముద్ర వేయించిన కరువును నిషేధించడం కష్టం. 2015 నాటి బాలల న్యాయచట్టం ప్రకారం, బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువు ఉన్నది. ఆ గడువులో తండ్రికి కూలి, తల్లికి వైద్యం, బిడ్డకు పాలు దొరికే ఏర్పాటు లేకపోతే, 60 రోజులు గడిచినా 600 రోజులు గడిచినా వారి సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినది కాజాలదు. అజీగర్తుని ఆకలి అట్లాగే ఉన్నది. కొనేవారు మాత్రం మారారు.

మహాభారతం ఆదిపర్వంలో, అడవిలో దొరికిన శకుంతలను పెంచిన కణ్వుడు ఒక మాట చెబుతాడు: శరీరాన్నిచ్చినవాడు, ప్రాణాన్ని కాపాడినవాడు, అన్నం పెట్టినవాడు - ముగ్గురూ తండ్రులే. శకుంతలకు శరీరాన్నిచ్చి వదిలినవాడు విశ్వామిత్రుడు. శునశ్శేపుణ్ణి కొడుకుగా స్వీకరించినవాడూ విశ్వామిత్రుడే. ఒకే పేరుగల ఋషి ఒకచోట వదిలిన తండ్రి, ఇంకొకచోట ఆదుకున్న తండ్రి. పితృత్వం రక్తంలో స్థిరపడిన గుణం కాదని, మనిషి చేసే పనిని బట్టి వచ్చేదని మన ప్రాచీనులలో కొందరికైనా తెలుసు. మన శాసనాలు ఇంతకాలం మొదటి తండ్రికి హక్కునిచ్చి, తక్కిన ఇద్దరి పనిని ఎవరు చేస్తున్నారో అడగలేదు. ఇకనైనా హక్కును అన్నం పెట్టే చేతితో ముడిపెట్టాలి. పెట్టాలని ఉండీ పెట్టలేని తండ్రి వచ్చినప్పుడు, అతనినుంచి బిడ్డను తీసుకునే ముందు, పెట్టగలిగే స్థితిని అతనికి కల్పించవలసిన పూచీ సమాజానిది.