పాలిటెక్నిక్ విద్యుత్ కోర్సులలో సిద్ధాంతం, ప్రయోగం: కణేకల్ పొలాలు చెప్పే పాఠం

కణేకల్ (అనంతపురం జిల్లా): పాలిటెక్నిక్ కళాశాలలో ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ డిప్లొమా పొందే విద్యార్థికి సూత్రజ్ఞానం, చేతి నైపుణ్యం రెండూ సమపాళ్లలో అవసరం. వర్షాభావ ప్రాంతమైన అనంతపురం జిల్లాలో ఈ సమతూకం రైతు మోటారుకు, ఒక్కొక్కప్పుడు అతని ప్రాణానికి సంబంధించిన అంశం.

హగరి (వేదవతి) నది ఇసుక గాలికి లేచి మేటలు వేసే భూములు ఒకవైపు, తుంగభద్ర ఎగువ కాలువ ఆయకట్టు మరొకవైపు గల మండలం కణేకల్. కాలువ నీరందని పొలాలకు బోరుబావి, దానికి మూడు ఫేజుల మోటారు ఆధారం.

కెపాసిటర్ ప్రాధాన్యం

ఉచిత విద్యుత్ పొందే రైతులు పంపుసెట్లకు కెపాసిటర్లు అమర్చుకోవాలని 2005లో రాష్ట్ర ప్రభుత్వం నిర్దేశించింది. దీని వెనుక గల శాస్త్రం స్పష్టం. 415 వోల్టులపై, 80 శాతం సామర్థ్యంతో పనిచేసే 5 హార్స్‌పవర్ మోటారు పవర్ ఫ్యాక్టర్ 0.75 ఉన్నప్పుడు సుమారు 8.7 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. పవర్ ఫ్యాక్టర్‌ను 0.95కు పెంచితే అది 6.8 ఆంపియర్లకు తగ్గుతుంది. తీగలలో నష్టం కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కనుక, ఆ మోటారు వల్ల లైనులో కలిగే నష్టం దాదాపు 38 శాతం తగ్గుతుంది.

ఈ లెక్క తెలియనివారు కెపాసిటర్ పరిమాణాన్ని సరిగా ఎంపిక చేయలేరు. లెక్క మాత్రమే తెలిసినవారు, స్విచ్ ఆపిన తరువాత కూడా కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉంటుందని మరచి, దానిని తాకి ప్రమాదానికి గురికావచ్చు.

ఎర్తింగ్ విషయమూ ఇటువంటిదే. నేలలో తేమ తగ్గితే భూనిరోధం పెరుగుతుందని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఒకే ఎర్త్ గుంతను వర్షాకాలంలోను, మే నెలలోను ఎర్త్ టెస్టర్‌తో కొలిచినప్పుడే బొగ్గు, ఉప్పు వేసి నీరు పోయడంలోని ఆవశ్యకత విద్యార్థికి బోధపడుతుంది.

శిక్షణకు గల అవకాశాలు

మూడేళ్ల డిప్లొమాలో ఆరు నెలల పారిశ్రామిక శిక్షణకు స్థానం ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టానికి 1973లో జరిగిన సవరణ డిప్లొమాదారులకు కూడా అప్రెంటిస్ శిక్షణ కల్పించింది. నంబులపూలకుంట (2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా) వద్ద 2016లో 250 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం ఏర్పడటంతో ఇన్వర్టర్ల పరిజ్ఞానానికీ ప్రాధాన్యం పెరిగింది.

ప్రయోగశాలలో ఒక బల్ల చుట్టూ పదిమంది నిలిచి, ఒక్కరే తీగలు కలిపితే మిగిలినవారికి దక్కేది చూపు మాత్రమే. ప్రతి విద్యార్థీ ముందుగా రీడింగును లెక్కించి, తరువాత స్వయంగా కొలిచి, రెండింటికీ గల తేడాకు కారణం వ్రాయగలగాలి. ప్రయోగ పరీక్షలో ఆ కారణానికి మార్కులు కేటాయించడం, ప్రయోగశాలలో వాస్తవ పంపుసెట్‌ను నెలకొల్పడం, స్థానిక సబ్‌స్టేషన్లలో శిక్షణ ఇప్పించడం ఇందుకు ఎంతగానో దోహదపడతాయి.