గిటారు శ్రుతిమరల చరిత్ర

వీణనుగాని తంబురానుగాని శ్రుతి చేయుట చూడని పెద్దలు మనలో అరుదు. వాద్యకారుడు బిరడను రంధ్రములోనికి ఒత్తుచు మెల్లగా త్రిప్పును. తంతి బిగియును. చేయి తీసిన తోడనే బిరడ రవంత వెనుకకు జారును. అతడు తిరిగి త్రిప్పును. వానకాలమున బిరడ ఉబ్బి కదలనని మొరాయించును. వేసవిలో వదులై నిలువనేరదు. అపుడు సుద్ద పూసి సరిపెట్టుకొందురు. కఱ్ఱకును కఱ్ఱకును నడుమనుండు రాపిడి తప్ప, తంతిని నిలుపు ఆధారము అచ్చట మఱియొకటి లేదు.

ఐరోపాఖండమున గిటారు కూడ చిరకాలము ఇట్టి బిరడలతోనే కాలము గడపినది. ఆ బిరడ తొలగి దాని చోట పళ్ళచక్రపు మర ఎట్లు వచ్చినదో, ఒక మరను ఊడదీసి వేరొక మరను బిగించు అలవాటు ఎట్లు ప్రబలినదో, అందువలన పాత వాద్యములకు కలిగిన మేలెంతయో కీడెంతయో నేడు మనవి చేయదలచితిని. గిటారు మనది కాదు గదా, దాని గొడవ మనకేల యని కొందరికి తోచవచ్చును. సినిమా పాటలలో దాని నాదము వినని ఊరు నేడు లేదు. అంతేకాదు, అదే చిక్కు మన వీణ గడప కూడ త్రొక్కినది. ఆ సంగతి తుదకు చెప్పెదను.

బిరడతో విసిగినవారు మరలను గూర్చి ఆలోచించుట గిటారుతోనే మొదలు కాలేదు. 18వ శతాబ్దమున లండను నగరములో ప్రెస్టన్ అను వాద్యనిర్మాత, గడియారమునకు చెవి ఇచ్చినట్లు చిన్న తాళపుచెవితో త్రిప్పి తంతిని బిగించు ఏర్పాటును తన వాద్యములకు అమర్చెను. ఆ పద్ధతికి సంతతియైన మర పోర్చుగీసు దేశపు గిటారు తలపై విసనకఱ్ఱ ఆకారమున నేటికిని కానవచ్చును. అయినను లోకమంతట నిలిచినది అది కాదు. వియన్నా నగరమున యోహాన్ గేయోర్గ్ స్టౌఫర్ అను నిర్మాత తన గిటారులకు వాడిన పళ్ళచక్రపు మర. 1822లో అతడును యోహాన్ ఎర్ట్‌ల్ అను మఱియొక నిర్మాతయు గిటారును బాగుచేసినందుకు ఆస్ట్రియా ప్రభుత్వమువారి నుండి ప్రత్యేకాధికారమును పొందిరి.

ఆ మర పనిచేయు విధము చాల సులభము. తంతి చుట్టుకొను కదురునకు అడుగున ఒక చిన్న పళ్ళచక్రముండును. ఆ పళ్ళలో, మరమేకు వలె చుట్లు కోసిన సన్నని కడ్డీ యొకటి ఇమిడియుండును. కడ్డీ కొసనున్న గుబ్బను పదునాలుగో పదునైదో సారులు త్రిప్పినగాని కదురు ఒక్కమారు తిరుగదు. కావున శ్రుతిని వెంట్రుకవాసి హెచ్చించుటయు తగ్గించుటయు వ్రేళ్ళకు సులువు. అంతకన్న విశేషము వేరొకటి. గుబ్బ చక్రమును త్రిప్పగలదు గాని, చక్రము గుబ్బను త్రిప్పలేదు. కఱ్ఱలో దిగిన మరమేకు ఎంత లాగినను ఊడిరాక, త్రిప్పిననే వచ్చునట్లు, తంతి ఎంత గుంజినను ఈ మర వెనుకకు జారదు. నేటి విద్యుత్ గిటారుపై ఒక్కొక్క తంతి సుమారు ఏడెనిమిది కిలోగ్రాముల బరువుతో లాగుచుండును. ఆరింటిని కలిపిన సుమారు 45 కిలోలు! ఆ బరువును పగలనక రేయనక నిలుపునది బొటనవ్రేలి గోరంత చక్రము.

స్టౌఫర్ వద్ద పనిచేసిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1833లో అమెరికాకు వలసపోయి, న్యూయార్కులో దుకాణము పెట్టెను. అతడు చేసిన తొలి గిటారులకు గురువుగారి పోలికయే ఉండెను: తల ఒక ప్రక్కకు వంగి, ఆరు గుబ్బలును ఒకే వరుసగా ఉండెడివి. పిమ్మట ప్రక్కకు మూడేసి చొప్పున అమర్చుటయే వాడుక యయ్యెను. ఆ ఒంటి వరుస ఇంచుమించు నూరేండ్లు మరుగుపడినది.

దానిని లోకప్రసిద్ధము చేసినవాడు గిటారు వాయించుట ఎరుగనివాడు. వృత్తిచేత రేడియోలను మరమ్మతు చేయువాడు. రేడియో వినుచున్న మీకు ఈ మాట ముచ్చట గొలుపునని తలచెదను. లియో ఫెండర్ అను ఆతడు 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున రేడియో దుకాణము పెట్టెను. విద్యుత్ గిటారు అంతకు ముందే, 1932లో, అమ్మకమునకు వచ్చియుండెను. ఫెండర్ 1950లో నిండు కఱ్ఱపలకతో చేసిన గిటారును బయటపెట్టి, దాని తలపై ఆరు మరలను ఒకే ప్రక్క నిలిపెను. 1948లో పాల్ బిగ్స్‌బీ అను శిల్పి మెర్ల్ ట్రావిస్ అను గాయకునకు చేసి ఇచ్చిన గిటారుకును ఇట్టి తలయే కలదు. ఎవరినుండి ఎవరు గ్రహించిరను వాదము నేటికిని తీరలేదు. నా కందు ఆసక్తియు లేదు. ఆ వరుసవలన కలిగిన లాభము మాత్రము మనకు ముఖ్యము. తంతి మెడ దాటి నేరుగా తన కదురునకు పోవును. ఎచ్చటను ప్రక్కకు వంగదు.

ఆ కాలమున మరలు చేయుటలో పేరుగన్నది షికాగోలోని క్లూసన్ కర్మాగారము. ఫెండర్ గిటారులకును, వారికి పోటీయైన గిబ్సన్ కంపెనీవారు 1952లో బయటికి తెచ్చిన లెస్ పాల్ గిటారుకును ఆ మరలే. రేకును అచ్చుగ్రుద్ది చేసిన చిన్న డబ్బీ, అందులో చక్రము, కొంచెము కొవ్వునూనె. ఖరీదు తక్కువ, బరువు తక్కువ. కాని ఏండ్లు గడచుకొలది లోని నూనె ఎండి గట్టిపడెను. గుబ్బలను చేసిన ప్లాస్టిక్కు కుదించుకొని, బీటలువారి, చేతిలోనే పొడియగుట కూడ జరిగెను. ఇంతలో గ్రోవర్ కంపెనీవారును, జర్మనీలో షాలర్ అను ఆతడును దుమ్ము చొరకుండ నలువైపుల మూసిన బలిష్ఠమైన మరలను చేసిరి. ఇక వాద్యకారులు పాతవానిని పీకి క్రొత్తవానిని బిగించుట మొదలిడిరి. ఊరూర మరమ్మతు దుకాణములకు ఇది నిత్యకృత్యమయ్యెను.

చిక్కంతయు రంధ్రములో ఉన్నది. పాత మరకు 9 మిల్లీమీటర్లకు లోపుగా నుండు రంధ్రము చాలును. క్రొత్తదానికి ఇంచుమించు 10 కావలెను. బండి ఇరుసునకు వేయు బుష్ వంటి ఇత్తడి గొట్టము అందులో కూర్చుండవలెను గదా. ఆ ఒక్క మిల్లీమీటరు కొరకు బరమా పెట్టిరి. నేర్పరి యైనవాడు రంధ్రమును కొంచెము కొంచెముగా గీకి పెద్దచేయును. తొందరపాటువాడు బరమాను ఒక్క పెట్టున దించి తలకు చీలిక తెచ్చును. అట్లు చీలిన తలలను నేను చూచితిని. పనివారి పేరులు చెప్పుట అనవసరము.

1958 మొదలు 1960 వరకు చేసిన లెస్ పాల్ గిటారులు ఆనాడు సరిగా అమ్ముడుపోక ఆగిపోయినవి. నేడు వానిలో ఒక్కొక్కటి లక్షలాది డాలర్లు పలుకుచున్నది. కొనువాడు మొదట తల వెనుకకు త్రిప్పి చూచును. మరలు పాతవేనా? కాకున్న, పాతమరల మేకుల గుంటలు కనిపించుచున్నవా? రంధ్రము పెద్దది చేయబడెనా? చేయబడినచో ధర తగ్గును. జిమ్మీ పేజ్ అను ప్రసిద్ధుడు వాయించిన 1959 నాటి గిటారునకు కూడ క్లూసన్ మరలు పోయి గ్రోవర్ మరలు వచ్చినవే. ఆయన వాయించినది గనుక దాని విలువకు లోటు లేదు. తక్కినవారికి ఆ వెసులుబాటు లేదు.

అసలు నాకు విచారము గొలుపునది ధర కాదు. పెక్కుచోట్ల దోషము మరలో లేనే లేదు. తంతులు మెడ దాటి తలపైకి పోవుచోట ఎముకతో చేసిన అడ్డపలుక యొకటి ఉండును. దానిలో తంతికొక గాడి. లెస్ పాల్ తల వెనుకకు వాలియుండును. నడిమి తంతులు గాడి దాటగానే ప్రక్కలకు వంగి కదురులను చేరవలెను. వాద్యకారుడు తంతిని లాగి గమకము పలికించినపుడు ఆ తంతి గాడిలో చిక్కుకొని, తన పూర్వస్థానమునకు తిరిగి రాదు. శ్రుతి తప్పినది, నింద మరపై పడినది! గాడిని సరిచేసి పెన్సిలు ముల్లు రుద్దిన తీరెడు రోగమునకు శస్త్రచికిత్స చేసిరి. తంతిని కదురుపై మితిమీరి చుట్టుటయు ఇట్టిదే. రెండు మూడు చుట్లు చాలును. శ్రుతి హెచ్చినపుడు కొంచెము దించి, క్రిందినుండి ఎక్కించి నిలుపవలెనను నియమమును గూడ మరచిరి. అట్లు చేయనిచో పళ్ళ నడుమనున్న సందులో తంతి తరువాత సర్దుకొని వదులగును.

1979లో ఫ్లాయిడ్ రోజ్ అను ఆతడు హక్కుపత్రము పొందిన యుక్తి నా మాటకు సాక్ష్యము. అతడు మరల జోలికి పోక, అడ్డపలుక కడనే తంతులను మేకులతో బిగించివేసెను. ఒకసారి బిగించిన పిమ్మట తలమీది మర మంచిదైనను చెడ్డదైనను ఒక్కటే.

క్లూసన్ కర్మాగారము 1980 దశకపు ఆదిలో మూతపడినది. కాలమహిమ యేమో గాని, ఆ పేరుతోనే పాత కొలతల మరలు తిరిగి తయారగుచున్నవి. పెద్దదైన రంధ్రములో కూర్చుండి పాత కదురునకు తగినట్లు దానిని చిన్నదిగా చేయు బుష్‌లు కూడ అంగళ్ళలో దొరకును. ఏబది యేండ్ల క్రిందట తండ్రులు పీకి పారవేసిన మరలను నేడు కొడుకులు వెదకి కొనుచున్నారు.

ఇక మన సంగతి. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్‌పై కర్ణాటక సంగీతమును పలికించి జగత్ప్రసిద్ధుడయ్యెను. 2014లో ఆయన స్వర్గస్థుడగు వరకు చేతనుండినది విద్యుత్ మాండొలినే. జంట తంతులను మాని ఒంటి తంతులను వాడుటచే దానికి గమకము పట్టుబడినది. గమకమునకై లాగిన తంతి స్వస్థానమునకు చేరుటయే అచ్చటను పరీక్ష.

వీణకు కూడ గిటారు మరలు ఇప్పుడు పెట్టుచున్నారు. క్రొత్తగా చేయించుకొను వీణకైన నాకు ఆక్షేపణ లేదు. ముసలిచేతులకు అది ఉపకారమే. ఒకే పనసదుంగ నుండి తొలిచిన బొబ్బిలి వీణ ఏ ఇంటనైన తాతలనాటిది ఉన్నచో మాట వేరు. ఏటవాలుగా తీర్చిన పాత బిరడ రంధ్రమును గొట్టమునకై తిన్నగా తొలిచినచో, తిరిగి బిరడ పెట్టుటకు కఱ్ఱ అతికి మొదటినుండి పని చేయవలెను. ఫిడేలునకు ఈ మధ్యకాలమున వేరొక ఉపాయము వచ్చినది. ఆ బిరడ కడుపులోనే చిన్న పళ్ళచక్రములను దాచి, ఏటవాలు రంధ్రములోనే ఇముడునట్లు దానిని చేయుచున్నారు. మేకులు లేవు, డబ్బీ లేదు. పైకి చూచిన అది నల్లని కఱ్ఱ బిరడయే; మర యని త్రిప్పిన చేతికే తెలియును.