దివిసీమ ముందుజాగ్రత్త

పులిగడ్డ కడ రెండు పాయలుగా చీలిన కృష్ణకు నడుమ, సముద్రము దాపున వెలసిన మా దివిసీమలో గాలివాన ఎవరికిని క్రొత్త గాదు. కార్తికమున మబ్బుపట్టి తూర్పుగాలి విసరగానే పూరికప్పులకు మోకులు వేసి బిగించుట, గొడ్ల పలుపులు విప్పుట, ధాన్యము నటక కెక్కించుట మా పెద్దల కలవాటే. అయినను 1977 నవంబరు 19 నాడు ఆ జాగ్రత్త వారిని కాపాడలేదు. ఏలయన వారెరిగినది గాలి, వచ్చినది ఉప్పెన.

ఉప్పెనను ఈ తీర మెరుగకపోలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి మా పొరుగుననే యున్న బందరును సముద్రము ముంచినపుడు సుమారు 30,000 మంది మడిసిరి. కాని ఆ కథను కంటితో చూచి చెప్పువారు గతించిన పిమ్మట, అది మెకెంజీ వ్రాసిన జిల్లా మాన్యువల్‌లో నిలిచినదే గాని మా అరుగులపై నిలువలేదు. కావున 113 ఏండ్ల తరువాత రేడియో తుపాను రాకను తెలిపినను, అట్టి వార్తలను విని ఏమియు జరుగని రాత్రులను పెక్కింటిని చూచియున్న రైతు, కోతకు వచ్చిన వరిని, పాడిపశువులను విడిచి కదలలేదు. కదలుద మన్నను సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీరగ్రామములలో, 5 మీటర్ల యెత్తున లేచిన నీటిని తప్పించుకొని నిలువదగిన కట్టడ మేది? ప్రభుత్వపు లెక్క ననుసరించియే సుమారు 10,000 మంది పోయిరి. వారిని అజ్ఞానులనుట అన్యాయము.

పిదప ప్రభుత్వమును, సేవాసంస్థలును తీరము పొడవున స్తంభములపై తుపాను షెల్టర్లు కట్టించినవి. వానిలో కొన్ని బడులై, పిల్లలు దినదినము మెట్లెక్కి దిగుటచే ఊరివారికి తెలిసిన చోట్లైనవి. 1990 మే 9న మరల పెనుతుపాను కృష్ణాముఖమున తీరము దాటినపుడు రాష్ట్రమున 6 లక్షలకు పైబడిన జనము ముందే సురక్షిత స్థలములకు చేరగా, మృతుల సంఖ్య వేయికి లోపే నిలిచెను. భయమొక్కటే వారిని కదలించెనని నేను నమ్మను. పోవలసిన చోటు తెలిసియుండుట, పొరుగువాడు గొడ్లను విప్పి బయలుదేరుట కన్నులార చూచుట, పోయినవారి పేర్లు ప్రతి యింట ఇంకను పలుకబడుచుండుట, ఈ మూడును కలిసినపుడే మా వారు గడప దాటిరి.

నేడు ఇంటి పెద్దలైనవారిలో పెక్కురు ఆ నీటిని చూడనివారే. ఏటేట నవంబరు 19న నివాళు లర్పించునపుడు, తాటిచెట్టును కరచుకొని బ్రతికిన వృద్ధులను పిలిపించి పిల్లలకు ఆ రాత్రిని చెప్పింపవలెననియు, నీరెంతవరకు వచ్చెనో ఆ యెత్తును ఊరూర బడిగోడపై చెరగని రంగుతో గీయింపవలెననియు మా పంచాయతీల పెద్దలను వేడుచున్నాను.