ఢిల్లీ చిత్రాల్లో పరాయివాడు

విద్యార్థులారా, సినిమాలో ఒక పాత్ర ఆ ఊరికి కొత్త అని మనకెలా తెలుస్తుంది? చాలాసార్లు ఆ పాత్ర నోరు విప్పకముందే తెలిసిపోతుంది. కట్టుబట్టలు, కెమెరా నిలబడిన చోటు, నేపథ్య సంగీతం ముందే చెప్పేస్తాయి. ఈ పద్ధతులు కాలక్రమంలో ఎలా మారాయో ఢిల్లీ నేపథ్యంగా వచ్చిన మూడు హిందీ చిత్రాల ద్వారా పరిశీలిద్దాం.

ఢిల్లీనే ఎందుకు? 1947లో దేశ విభజన జరిగాక పశ్చిమ పంజాబు నుంచి లక్షలాది శరణార్థులు ఈ నగరానికి చేరారు. ఉద్యోగాల కోసం దక్షిణాది నుంచి ఎందరో వచ్చారు. తెలుగువారైనా, తమిళులైనా, మలయాళీలైనా అక్కడ అందరికీ ‘మద్రాసీ’ అనే ఒకే పేరు. ఇంతమంది వలస వచ్చినవారున్న నగరంలోనూ, అద్దె గది అడిగితే ‘మీదే ఊరు?’ అనే ప్రశ్న తప్పలేదు.

మోహన్ సెగల్ దర్శకత్వం వహించిన ‘న్యూ ఢిల్లీ’ (1956) కథకు ఈ ప్రశ్నే ఆధారం. కిశోర్ కుమార్ పోషించిన పంజాబీ యువకుడికి గది దొరకదు. ఇంటి యజమానులకు తమ ప్రాంతంవారే కావాలి. చివరకు అతడు తమిళుడి వేషం వేస్తాడు. ఇక్కడ పరాయితనాన్ని కట్టు, పేరు, యాస అనే మూడు గుర్తులతో చూపించారు. వేసుకున్న వేషాన్ని తీసేయవచ్చు కనుక ప్రేక్షకుడు హాయిగా నవ్వగలడు.

దిబాకర్ బెనర్జీ ‘ఓయే లక్కీ! లక్కీ ఓయే!’ (2008)లో దూరం ప్రాంతాల మధ్య కాదు, అంతస్తుల మధ్య. పశ్చిమ ఢిల్లీ దిగువ మధ్యతరగతి కుర్రవాడు సంపన్నుల ఇళ్లలో దొంగతనాలు చేస్తాడు. సంగీత దర్శకురాలు స్నేహా ఖన్వల్కర్ హర్యానా, పంజాబు ప్రాంతాల్లో తిరిగి అక్కడి జానపద గొంతుకలను ఈ చిత్రంలోకి తెచ్చారు. అందువల్ల ఆ సంగీతం అతణ్ణి వెక్కిరించదు, అతడి పక్షాన నిలుస్తుంది.

మూడోది నికోలస్ ఖర్కోంగోర్ ‘అఖుని’ (2019). అఖుని అంటే నాగాలాండ్‌లో పులియబెట్టి చేసే సోయా గింజలు. ఢిల్లీలో అద్దెకుంటున్న ఈశాన్య రాష్ట్రాల యువతీయువకులు స్నేహితురాలి పెళ్లికి దానితో వంట చేయాలనుకుంటారు. వాసన చుట్టుపక్కలవారికి గిట్టదు. వాసనను కెమెరా తీయలేదు, మైకు పట్టలేదు. అందుకే దాన్ని ఇరుగుపొరుగువారి ముఖాల్లో, అరుపుల్లో చూపించాలి. ఇక్కడ కెమెరా ఎక్కువసేపు అద్దెకున్నవారి వెంటే తిరుగుతుంది. ‘న్యూ ఢిల్లీ’ నాయకుడిలా వీరు వేషం మార్చి తప్పించుకోలేరు. ముఖాన్ని తీసి పక్కన పెట్టలేరు కదా! ఇది కథ మాత్రమే కాదు. 2014 జనవరిలో ఢిల్లీలోని లజపత్ నగర్‌లో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నిడో తానియాను జుట్టు చూసి ఎగతాళి చేశారు. తరువాత జరిగిన దాడి ఫలితంగా అతడు మరణించాడు.

ఇక మన తెర సంగతి. తెలంగాణ యాస చాలాకాలం ఎక్కువగా హాస్యపాత్రలకు, రౌడీలకు మాత్రమే దక్కింది. ‘ఫిదా’ (2017)లో నాయికే ఆ యాస మాట్లాడింది. యాస అదే, దాన్ని పలికే పాత్ర స్థానం మారింది.

ఈసారి సినిమా చూసేటప్పుడు ఒక సన్నివేశాన్ని శబ్దం ఆపి చూడండి, మరొకదాన్ని కళ్లు మూసుకుని వినండి. కొత్తవాడు గది అడుగుతున్నప్పుడు కెమెరా గుమ్మానికి ఏ వైపున ఉందో గమనించండి. మనం ఎవరి పక్షాన నిలబడి నవ్వుతున్నామో తెలుస్తుంది.