షట్టరు మీద రేసు కారు

శ్రీకాకుళంలో ఆదివారం పొద్దున్న. ఎండ ఇంకా ముదరలేదు. ఏడు రోడ్ల కూడలి దాటి లోపలి వీధిలోకి రండి. మూసి ఉన్న మెకానిక్ షెడ్డు ముందు ఎత్తు బల్ల వేసుకుని ఆర్టిస్టు నిలబడ్డాడు. టర్పెంటైన్ వాసన అప్పుడే ముక్కుకు తగులుతోంది. పన్నెండడుగుల షట్టరుకు నిన్న రాత్రే తెల్ల రంగు కొట్టి ఉంచారు. ఎనామిల్ ఆరేదాకా షట్టరు ఎత్తకూడదు కాబట్టి ఈ పనికి ఆదివారమే కుదురుతుంది.

నీలం పొడి అద్దిన దారం ఒక కొన పనికుర్రాడి చేతిలో ఉంది, రెండో కొన ఆర్టిస్టు బొటనవేలి కింద. మధ్యలో లాగి వదిలాడు. టప్! నేల గీత పడింది.

ఫోనులోని ఫార్ములా వన్ బొమ్మను ఒకసారి చూసి జేబులో పెట్టేశాడు. అందులోంచి కొలత ఒక్కటే తీసుకున్నాడు: చక్రం ఎత్తు ఎంతో, రెండు ఇరుసుల మధ్య దూరం దానికి ఐదింతలు. 2022 నాటి నిబంధనల కారుకు టైరు 720 మిల్లీమీటర్లు, ఇరుసుల మధ్య ఎక్కువలో ఎక్కువ 3,600. ఆయన కంటికి అందింది అచ్చంగా అదే లెక్క. ఈ పొడవు తగ్గించారంటే మామూలు కారుకు రెక్కలు తొడిగినట్టుంటుంది, బొమ్మ పరిగెత్తదు.

ఇప్పుడు చక్రాలు. కుర్రాడు దగ్గరకొచ్చి తల వంచి చూశాడు.

"ఏటి తాతా, సెక్రాలు ముందుకి ఒంగిపోనాయి?"

"పరిగెడతన్నోడు నిటారుగా ఉంటాడేట్రా?"

బ్రష్ ఆగలేదు. ఈ వంపు కంటికి ఎప్పుడూ కనబడదు. కానీ వందేళ్ల కిందటే లార్టీగ్ అనే ఫ్రెంచి కుర్రాడి కెమెరా దాన్ని పట్టుకుంది. ఆ కెమెరాలో ఒక సన్నని చీలిక కదులుతూ బొమ్మను కొంచెం కొంచెంగా ముద్రించేది. చక్రం అడుగు ముందు పడి, పైభాగం పడేలోపు కారు ముందుకు జరిగిపోయింది. ఫొటోలో చక్రం కోడిగుడ్డులా వాలిపోయింది.

అసలు పని ఎర్ర రంగుతో మొదలైంది. కొనకు గుడ్డ చుట్టిన కర్రను షట్టరుకు ఆనించి, దాని మీద మణికట్టు పెట్టాడు. ముక్కు నుంచి వెనక రెక్క దాకా ఒకే గీత పోవాలి. షట్టరు నున్నటి గోడ కాదు, అంతా గాడులే. ప్రతి గాడి దగ్గరా గీత విరిగినట్టు కనిపిస్తుంది. ఆయన గాడులను చూడటం లేదు, చేరాల్సిన చోటినే చూస్తున్నాడు. ఊపిరి బిగబట్టి, బల్ల మీద రెండడుగులు పక్కకు వేస్తూ లాగేశాడు. పది గజాల దూరం వెళ్లి చూడండి, గాడులు మాయమై గీత ఒక్కటే మిగులుతుంది. ఆ వేగం కారుది కాదు, ఆ చేతిది.

ఆ కారును ఈ వీధిలో ఎవరూ ఎదురుగా చూసి ఉండరు. మన దేశంలో ఫార్ములా వన్ గ్రేటర్ నోయిడాలో 2011 నుంచి 2013 దాకా జరిగి ఆగిపోయింది. హుస్సేన్ సాగర్ పక్కన 2023 ఫిబ్రవరి 11న పరిగెత్తినవి ఎలక్ట్రిక్ కార్లు. అయితేనేం? 1921లో ఈ శ్రీకాకుళంలోనే పుట్టిన వడ్డాది పాపయ్య చందమామ అట్టల మీద దేవతలను, రాక్షసులను ఎదురుగా కూచోబెట్టుకుని గీయలేదు కదా! చూడనిదాన్ని నమ్మించేలా వెయ్యడంలోనే ఉంది ఈ విద్య.

టీ గ్లాసులతో మెకానిక్ వచ్చాడు. "ఫ్లెక్సీ అయితే గంటలో వచ్చీసును" అన్నాడు, మళ్లీ తనే, "తిత్లీ లాంటి గాలొస్తే ఉంటాదేటి?" అనుకున్నాడు. 2018 అక్టోబరు నాటి ఆ తుపానును ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు.

కారు ముందు రెండడుగుల తెలుపు వదిలేసి ఉంది.

"గురూగారూ, ఈ ఖాళీలో ఫోన్ నంబరు రాసీండి."

"అక్కడొద్దు బాబూ. బండి ముందర దారుండాల. అడ్డేత్తే ఆగిపోద్ది. ఎనకరెక్క మీద రాస్తాను."

మెకానిక్ కాసేపు బొమ్మనే చూశాడు.

"సరే, అక్కడే రాయండి. అంకెలు మాత్రం పెద్దవెయ్యండి."