కడియపు తోటలలో రాత్రి దీపములు

గోదావరి సీమలో దీపముల చరిత్ర చెప్పబూనిన మనము సాధారణముగా ఆముదపు ప్రమిదతో మొదలుపెట్టుదుము. కిరసనాయిలు బుడ్డి, లాంతరు, పెళ్ళి ఊరేగింపులలోని పెట్రోమాక్సు దాటి, 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు వెలువడిన ఘట్టముతో ఆ కథ ముగింతుము. కాని దీపము తరువాత కూడ మారినది. ఆ మార్పు ఇంటి పంచలో ఆగక కడియము పూలమళ్ళలోనికి నడచినది. ఆ సంగతినే ఇప్పుడు విచారింతము.

గుండుబల్బు మన ఇండ్లను దీర్ఘకాలము ఏలినది. అది త్రాగు విద్యుత్తులో నూటికి అయిదు పాళ్ళు మాత్రమే వెలుగగును, మిగిలినదెల్ల వేడి. కోడిపిల్లలకు చలి తగులకుండ ఆ బల్బునే వ్రేలాడదీసెడివారన్న, దానిని దీపమనుటకంటె కుంపటి యనుటయే న్యాయము!

ఎల్‌.ఇ.డి. దీపములలో ఎరుపు 1962 నాటికే ఉన్నది. తెల్లని వెలుగునకు నీలము కావలసివచ్చినది. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమూరా అను ముగ్గురికి 2014 అక్టోబరులో నోబెల్ బహుమానము ప్రకటించిరి. ఆ అక్టోబరులోనే ఆంధ్రప్రదేశమున గుంటూరు, అనంతపురము, శ్రీకాకుళము, పశ్చిమగోదావరి జిల్లాలలో పాత బల్బు తీసికొని, పది రూపాయల చొప్పున ఇంటికి రెండు ఎల్‌.ఇ.డి. బల్బుల నిచ్చు పని ఆరంభమైనది. కడియమునకు అవి నదికి ఆవలియొడ్డుననే వెలిగినవన్నమాట. 2015 జనవరి 5న దేశమంతటికి విస్తరించిన ఆ పథకమునకే తరువాత ఉజాలా యని పేరు వచ్చినది. ప్రభుత్వరంగ సంస్థ 2014 ఆరంభమున ఒక్కొక్క బల్బును 310 రూపాయలకు కొన్నది. 2016లో అది 38 రూపాయలకు దిగినది. అరువది వాట్ల గుండుబల్బు రోజునకు అయిదు గంటలు వెలిగిన నెలకు తొమ్మిది యూనిట్లగును. ఏడు వాట్ల ఎల్‌.ఇ.డి.కి ఒక యూనిటు చాలును.

ఇంటి లెక్క ఇంతే. తోట లెక్క వేరు.

కడియము, కడియపులంక, బుర్రిలంక ప్రాంతముల నర్సరీలలో చామంతి మళ్ళపై రాత్రివేళ దీపములు వరుసలుగా వ్రేలాడును. తెలియనివారు అది ఉత్సవ మనుకొందురు, లేదా దొంగల భయ మనుకొందురు. అసలు కారణము రాత్రి పొడవు. 1920లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నరు, అల్లార్డు అనువారు పగటి పొడవును బట్టి మొక్క పూచునని నిరూపించిరి. వారిని ఆ దారికి మళ్ళించినది ఒక పొగాకు మొక్క! 1947లో కేంద్ర పొగాకు పరిశోధనాలయము వెలసిన రాజమహేంద్రవరము పొరుగువారికి ఈ మాట వింతగా తోచకపోవచ్చును.

చామంతి దీర్ఘరాత్రిని చూచి మొగ్గ తొడుగును. మన సీమలో నడివేసవి పగలైనను పదమూడు గంటలకు మించి ఎంతో సాగదు. కనుక మొక్క జానెడైనను ఎదుగకమునుపే పూతకు తొందరపడును. అట్టి పొట్టి మొక్కను కొనువా రెవరు? నడిరాత్రి కొన్ని గంటలు వెలుగు చూపిన, మొక్క ఆ ఒక్క రాత్రిని రెండు చిన్న రాత్రులుగా భ్రమించి ఆకులు వేయుచునే పోవును. ఈ పనికి మిక్కుటమైన కాంతి అక్కరలేదు. మొక్క గుర్తించు ఎరుపు కొంత ఉన్న చాలును. వేయి గుండుబల్బులు నాలుగు గంటలు వెలిగిన 240 యూనిట్లు. తొమ్మిది వాట్ల ఎల్‌.ఇ.డి.లైన 36. ఈ వ్యత్యాసమే చిన్న రైతునకు లాభనష్టముల నడుమ గట్టు. వరుసగా కొన్ని రాత్రులు కరెంటు పోయినచో మడి యంతయు అకాలముగా మొగ్గ తొడుగు ప్రమాదము మాత్రము తప్పలేదు.

పొదుపు దీపము చౌకయైనకొలది దీపముల సంఖ్య పెరుగుచున్నదని ఆక్షేపించువారు కలరు. ఆ మాట అబద్ధము కాదు. బల్బునకింత మిగులునని గుణించువారు, బల్బులు ఎన్నటికిని అన్నియే యుండునని తలంతురు. అయినను చామంతి మడిపై వెలుగును దుబారా యనుట మాకు సమ్మతము కాదు. ఎరువు వలె, నీరు వలె అదియు సేద్యపు ఖర్చే. ఆ పద్దులోనే వ్రాయవలెను.

మొక్క తగినంత ఎదిగిన పిదప రైతు ఆ దీపముల నార్పివేయును. పొడుగు రాత్రి మరల చామంతికి దక్కును. కొన్ని వారములకు మొగ్గలు కనబడును.